వాల్వు రేడియో ప్రశ్నలు: నింద వాల్వుది, నేరం కండెన్సరుది

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఒక్కటే అడిగాయి: "ఏ వాల్వు మార్చాలి?" చాలా సెట్లకు ఏదీ అక్కర్లేదు. వాల్వు గాజులో మూసి ఉంటుంది, దాని లోపలికి ఉప్పుగాలి పోదు. విశాఖ గాలికి ముందు పోయేవి కాగితం కండెన్సర్లు, ఎలక్ట్రోలిటిక్‌లు (డీసీని నిలకడ చేసే పెద్ద కండెన్సర్లు), వెంట్రుకంత తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు. జవాబులు ఆ వరసలోనే చదవండి.

ప్రశ్న (పెదవాల్తేరు): 2014 హుద్‌హుద్ తుపానుకు తడిసిన మర్ఫీ సెట్టు అప్పటినుంచి అటక మీదే ఉంది. లోపల ఈజెడ్ 80, ఈఎల్ 84, ఈసీహెచ్ 81 అని రాసిన వాల్వులు కనిపిస్తున్నాయి. ప్లగ్గు పెట్టి చూడవచ్చా?

జవాబు: పెట్టకండి. పదేళ్లు ఊరికే ఉన్న సెట్టుకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే ముందు ఎలక్ట్రోలిటిక్ షార్టవుతుంది, దాని వెనకే ఈజెడ్ 80 (ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు), ఆ వెనకే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు పోతాయి. మొదటిది కొట్లో దొరుకుతుంది. చివరిది చుట్టించుకోవాలి.

అన్నిటికంటే ముందు ఫోటోలు తీయండి, చాసీ (భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రం) పైనా కిందా, ప్రతి మూలా. ఏ వాల్వు ఏ సాకెట్‌లో ఉందో కాగితం మీద రాసుకున్నాకే బయటికి తీయండి. గాజు మీది అక్షరాలను తుడవవద్దు. వేలు రుద్దితేనే పోతాయి, ఆ తర్వాత అది ఏ వాల్వో చెప్పేవాడుండడు. దుమ్ము మెత్తని పెయింటు బ్రష్‌తో దులపండి. తుపాను నీళ్లు తాకిన చోట ఉప్పు పొర ఉంటుంది. దానికి స్పిరిట్ చాలదు, ఉప్పు నీళ్లలోనే కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన బ్రష్‌తో రెండుసార్లు కడిగి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తేమ లాగేయండి. ట్రాన్స్‌ఫార్మర్లను, ఐఎఫ్ కాయిల్స్‌ను (సెట్టు లోపలి మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసినవి) మాత్రం కడగవద్దు.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరును విప్పి, అట్టపెట్టెలో 60 వాట్ల పాతరకం బల్బు పక్కన రెండు రోజులు ఉంచండి. అట్టకు బల్బు తగలకూడదు, ఇంట్లో మనిషి లేనప్పుడు వెలిగించి వదలకూడదు. ఆరాక 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చుట్టకూ ఇనుప రేకుకూ మధ్య చూడండి. పది మెగోమ్‌లకు తగ్గితే మళ్లీ ఆరబెట్టండి. అప్పటికీ పెరగకపోతే దానికి కరెంటు ఇవ్వవద్దు.

తర్వాత సిరీస్ బల్బు. మెయిన్స్ ఫేజ్ తీగలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బును వరసగా కలపండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. వాల్వులన్నీ తీసేసి, ట్రాన్స్‌ఫార్మరు ఒక్కదానికే కరెంటివ్వండి. బల్బు వెలగకూడదు, మహా అయితే తీగ ఎర్రబడినట్టు కనిపించాలి. నిండుగా వెలిగితే లోపల చుట్లు కలిసిపోయాయని. వెలగకపోతే బల్బు అలాగే ఉంచి అరగంట చూడండి, ట్రాన్స్‌ఫార్మరు గోరువెచ్చన దాటకూడదు. వోల్టేజి సెలెక్టర్ పాతకాలంలో 200 లేదా 220 దగ్గర పెట్టి ఉంటుంది. ఇప్పుడు మన వీధుల్లో 240 కూడా వస్తోంది కాబట్టి ఉన్నవాటిలో పెద్ద అంకెకు మార్చండి.

ఇప్పుడు కండెన్సర్లు. మైనం పూసిన కాగితం కండెన్సర్లు ఒక్కటి కూడా మిగల్చవద్దు, "బాగానే ఉన్నట్టుంది" అనిపించినా సరే. వాటి స్థానంలో 630 వోల్టుల పాలియెస్టర్‌వి వేయండి. 0.01 మైక్రోఫారడ్ మీద 103 అని, 0.022 మీద 223 అని, 0.047 మీద 473 అని, 0.1 మీద 104 అని ఉంటుంది. మెయిన్స్‌కు అడ్డంగా ఉన్నదానికి మాత్రం ఎక్స్ 2 రకం, 275 వోల్టుల ఏసీ రేటింగుదే పెట్టాలి. ఎలక్ట్రోలిటిక్ డబ్బా మీద 32+32 లేదా 50+50 ఉంటుంది. చాసీ కింద 33 లేదా 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు బిగించి, డబ్బా తీగలు విడదీయండి. డబ్బాను అందం కోసం అలాగే ఉంచవచ్చు. దాని మీదే కొత్తదాన్ని జోడించడం చాలామంది చేసే పని, అది తప్పు: పాతది లీకవుతూనే ఉంటుంది. ఎక్కువ వేస్తే హమ్ (స్పీకర్‌లో కరెంటు మోత) తగ్గుతుందని 100 మైక్రోఫారడ్ కూడా వేయకండి. ఈజెడ్ 80 తర్వాతి మొదటి కండెన్సరుకు హద్దు 50. అది దాటితే ప్రతి అరసైకిల్‌కూ లాగే కరెంటు రెక్టిఫయర్ కేథోడ్‌ను తినేస్తుంది.

కార్బన్ రెసిస్టర్లు వయసుతో పెరుగుతాయే గాని తగ్గవు. ఒక కాలు విప్పి కొలిచి, రాసినదానికి 20 శాతం మించినవి మార్చండి. రబ్బరు తొడుగు తీగలు వంచితే పెళుసుగా రాలుతుంటే వాటినీ మార్చాలి.

అప్పుడు వాల్వులు పెట్టి, సిరీస్ బల్బుతోనే స్విచ్ వేయండి. బల్బు ముందు బాగా వెలిగి, ఫిలమెంట్లు వేడెక్కేకొద్దీ మందగించాలి. మందగించకపోతే ఆపేయండి. హైటెన్షన్ వోల్టేజి (వాల్వుల ఆనోడ్‌లకు అందే డీసీ) మెల్లగా ఎక్కి నిలబడితే బల్బు తీసేసి నేరుగా ఇవ్వండి. చాసీ కింద చేయి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు తీసి, ఎలక్ట్రోలిటిక్‌లను 5 వాట్ల పది కిలోఓంల రెసిస్టర్‌తో కొన్ని సెకన్లు డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా చూసుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో నిప్పురవ్వలు తెప్పించే పద్ధతి మానుకోండి.

ప్రశ్న (గాజువాక): మా సెట్టులో పెద్ద ట్రాన్స్‌ఫార్మరే లేదు. ఇనుప చాసీ ముట్టుకుంటే షాకు కొడుతోంది. ఎర్త్ తీగ చాసీకి కలిపితే సరిపోతుందా? ఫోన్‌లో పాటలు దీని స్పీకర్‌లో వినాలని కూడా ఉంది.

జవాబు: కలపకండి. మీది ఏసీ/డీసీ సెట్టు, దాని చాసీయే మెయిన్స్‌లో ఒక తీగ. ప్లగ్గు తిరగబడితే చాసీ మొత్తం ఫేజ్. అప్పుడు ఎర్త్ కలిపితే నేరుగా షార్టు.

వాల్వుల పేర్లు చూడండి. 'ఈ'తో మొదలైతే 6.3 వోల్టుల హీటరు, 'యూ'తో మొదలైతే 100 మిల్లీయాంపుల హీటరు. రెండో రకంలో హీటర్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. యూసీహెచ్ 81కి 19 వోల్టులు, యూబీఎఫ్ 89కి 19, యూసీఎల్ 82కి 50, యూవై 85కి 38: మొత్తం 126. మిగిలిన 104 వోల్టులను చాసీ మీది తీగచుట్ట రెసిస్టర్ మింగాలి. 100 మిల్లీయాంపులకు అది సుమారు 1040 ఓంలు, పదిన్నర వాట్ల వేడి. మార్చాల్సివస్తే 20 వాట్లది వేసి, మైనం కండెన్సర్లకు, కేబినెట్ చెక్కకు దూరంగా బిగించండి. వరసలో ఒక హీటరు తెగితే అన్నీ ఆరిపోతాయి. నాలుగు వాల్వులూ చచ్చాయని భయపడి నాలుగూ కొనేవారున్నారు. వాల్వు బయటికి తీసి 4, 5 పిన్నుల మధ్య ఓంలు చూస్తే చాలు, ఈ నాలుగింటికీ హీటరు ఆ పిన్నుల మీదే. ఏది కలవదో అదే పోయింది.

రిపేరు చేసేటప్పుడు 230 నుంచి 230కి 100 వీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. వేరియాక్ ఉంది కదా అంటారు. వేరియాక్ వోల్టేజి తగ్గిస్తుందే గాని మెయిన్స్ నుంచి విడదీయదు. వాడకంలో వెనక అట్ట, నాబ్‌లు లేకుండా సెట్టును ఎవరి చేతికీ ఇవ్వకండి. నాబ్ మరలు ఇరుసుకు తగులుతాయి, ఇరుసు చాసీకి తగులుతుంది. అందుకే కంపెనీవాళ్లు ఆ మర గుంటల్లో మైనం నింపేవారు. అది రాలిపోయి ఉంటే మళ్లీ నింపండి. ఏరియల్, ఎర్త్ సాకెట్లకూ చాసీకీ మధ్య ఉన్న కండెన్సర్లు లీకైతే మేడ మీది ఏరియల్ తీగలోనే షాకుంటుంది. వాటి చోట అదే విలువ వై 2 రకానివి వేయండి.

ఫోను మాత్రం ఈ సెట్టుకు వద్దు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టయితే గ్రామఫోన్ పికప్ సాకెట్‌కు కలపవచ్చు: ఫోను కుడి, ఎడమ తీగలకు చెరో ఒక కిలోఓం రెసిస్టర్ పెట్టి, రెండు కొసలూ కలిపి ఒకే తీగగా ఇవ్వాలి. రెసిస్టర్లు లేకుండా కుడి ఎడమలను నేరుగా ముడేస్తే ఫోను లోపలి రెండు యాంప్లిఫయర్లు ఒకదాన్నొకటి లాగుతాయి.

ప్రశ్న (కంచరపాలెం): మొదటి పది నిమిషాలు గొంతు చక్కగా ఉంటుంది. తర్వాత బొంగురుపోతుంది, ఈఎల్ 84 చేయి పెట్టలేనంత కాలుతోంది. వాల్వు మార్చాను. వారం బాగుంది, మళ్లీ అదే.

జవాబు: కొత్త ఈఎల్ 84 (స్పీకర్‌ను నడిపే చివరి వాల్వు) కూడా పాడు కాకముందే సెట్టు ఆపండి. అసలు దొంగ ఎవరంటే, కప్లింగ్ కండెన్సరు. ముందున్న ట్రయోడ్ ఆనోడ్ నుంచి ఈఎల్ 84 గ్రిడ్‌కు పోయే 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్‌ది. అది ఏసీని పంపి డీసీని ఆపాలి. వేడెక్కేకొద్దీ దాని లీకేజి పెరుగుతుంది. గ్రిడ్ రెసిస్టర్ ఒక మెగోమ్ అయితే ఒక్క మైక్రోయాంపు లీకేజి చాలు, గ్రిడ్ మీద ఒక వోల్టు పాజిటివ్ చేరుతుంది. బయాస్ (గ్రిడ్‌కు ఉండాల్సిన నెగటివ్ వోల్టేజి) కరిగిపోయి వాల్వు హద్దు మీరి కరెంటు లాగుతుంది. మీకు గొంతు బొంగురుగా వినిపించేది అప్పుడే.

పరీక్ష తేలిక. ఈఎల్ 84ను బయటికి తీసి, సెట్టు వేసి పది నిమిషాలు ఆగి, ఆ సాకెట్ 2వ పిన్నుకూ చాసీకీ మధ్య డిజిటల్ మీటరుతో డీసీ చూడండి. సున్నా ఉండాలి. అర వోల్టున్నా కండెన్సరు మార్చాల్సిందే. ఏసీ/డీసీ సెట్టులో వాల్వు తీస్తే హీటర్ల వరసే తెగుతుంది, అక్కడ వాల్వు ఉంచి కండెన్సరు గ్రిడ్ వైపు కాలు విప్పి, ఆ కాలు మీద కొలవండి.

కండెన్సరు మార్చాక 3వ పిన్ను, అంటే కేథోడ్, చూడండి. అక్కడ 135 ఓంల రెసిస్టర్ ఉంటే సుమారు 7 వోల్టులు రావాలి, అంటే 52 మిల్లీయాంపులు. 10 వోల్టులుంటే 74 మిల్లీయాంపులు, ఇంకా ఏదో తప్పుంది. రెసిస్టర్ విలువ కొలవకుండా వోల్టేజిని నమ్మకండి, అధిక కరెంటుకు అది కూడా మాడి ఉంటుంది. దాని పక్కనున్న 25 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌ను కూడా ఆ చేత్తోనే మార్చండి. ఇన్నీ అయ్యాక, వాల్వు పెట్టి ఉండగా గ్రిడ్ మీద పాజిటివ్ మెల్లగా ఎక్కుతుంటే, అప్పుడు మాత్రం వాల్వును నిందించవచ్చు. లోపల గ్యాసు చేరినట్టు.

ప్రశ్న (సీతమ్మధార): డయల్ అద్దం మీద జిడ్డు పోవడానికి ఏం వాడాలి?

జవాబు: ముందు వైపు తడి గుడ్డ. అక్షరాలున్న వెనక వైపు ఏమీ వాడవద్దు, ఉత్త నీళ్లు కూడా. స్టేషన్ల పేర్లు ఒక్క తుడుపుకు ఊడివస్తాయి, తిరిగి రావు.

ప్రశ్న (భీమిలి): అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తెగిపోయిందన్నారు. ఒకసారి చుట్టించాను. ఏడాది తిరక్కుండానే మళ్లీ పోయింది. చుట్టినవాడి తప్పా?

జవాబు: సగం సముద్రానిది, సగం వార్నిష్ పెట్టనివాడిది. ప్రైమరీ తీగ చాలా సన్నం. దాని మీద ఎప్పుడూ రెండు వందల పైచిలుకు వోల్టుల డీసీ ఉంటుంది. ఉప్పుతేమ చేరితే ఆ డీసీ రాగిని కొద్దికొద్దిగా కరిగించి పచ్చటి చిలుము చేస్తుంది. ఎనామిల్‌లో సూదిమొనంత లోపం చాలు. చుట్టాక ఆరబెట్టి, వేడి మీద ఇన్సులేటింగ్ వార్నిష్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, మళ్లీ కాల్చాలి. పైపైన బ్రష్‌తో పూస్తే లోపలికి పోదు.

తెగిందో లేదో మీరే చూసుకోవచ్చు. ప్రైమరీకి కొన్ని వందల ఓంలు ఉండాలి. అస్సలు కలవకపోతే తెగినట్టే. అలాంటప్పుడు సెట్టు వేసి ఉంచకండి: ఆనోడ్‌కు వోల్టేజి అందక స్క్రీన్ గ్రిడ్ ఎర్రగా కాలి ఈఎల్ 84 చస్తుంది.

చుట్టేవారికి రెండు మాటలు కచ్చితంగా చెప్పండి. ఈఎల్ 84కు లోడు 5 కిలోఓంల చిల్లర. స్పీకర్ 4 ఓంలదైతే చుట్ల నిష్పత్తి 36కు 1. రెండోది, ఇంగ్లీషు 'E' ఆకారపు రేకులన్నీ ఒకవైపు, 'I' ఆకారపు రేకులన్నీ మరోవైపు పేర్చి, మధ్యలో పలచని కాగితం పెట్టాలి. మామూలు ట్రాన్స్‌ఫార్మరులా ఒకటి అటు ఒకటి ఇటు అల్లితే ఖాళీ ఉండదు, ప్రైమరీలో పోయే డీసీకి ఇనుము నిండిపోయి తగ్గుస్థాయి స్వరాలన్నీ పోతాయి. చాలామంది వైండర్లు ఇన్వర్టర్ల అలవాటులో అల్లేస్తారు.

అది వచ్చేలోగా సెట్టు పలుకుతోందో లేదో చూడాలంటే 230/6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరును తిప్పి పెట్టవచ్చు. దాని నిష్పత్తి 38. గొంతు పీలగా వస్తుంది గాని పరీక్షకు చాలు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): అన్నీ మార్చాం. అయినా మీడియం వేవ్‌లో బర్రుమనే మోత తప్ప స్టేషన్ లేదు. ఐఎఫ్ కాయిల్స్ ట్యూన్ చేయమంటున్నారు.

జవాబు: ఆ మరల మీద చేయి వేయకండి. తెలిసిన స్టేషన్‌తో మొదలుపెట్టండి. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి కేంద్రం 927 కిలోహెర్ట్జ్. మీ డయల్ మీటర్లలో ఉంటే 324 దగ్గర. రాత్రిపూట విజయవాడ 837, హైదరాబాద్ 738 కూడా వెతకండి, అంటే 358, 406 మీటర్లు. మోత నిజంగా సెట్టుదేనా అన్నది తర్వాత చూడాలి. సెల్స్‌తో నడిచే చిన్న ట్రాన్సిస్టర్‌ను సెట్టు పక్కన అదే స్టేషన్‌కు పెట్టి, ఇంటి మెయిన్ ఆఫ్ చేయండి. మోత ఆగితే దోషం మీ ఇంట్లోనే ఉంది: ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్. ఒక్కొక్కటే వేస్తూ పట్టుకోండి. ఆగకపోతే పక్క ఫ్లాటుదో వీధి దీపానిదో.

గదిలో వేలాడే మూర తీగ ఏరియల్ కాదు. మేడ మీద పది మీటర్ల ప్లాస్టిక్ తొడుగు రాగితీగ, కరెంటు తీగలకు దూరంగా, వాటికి అడ్డంగా కట్టండి. అతుకులకు టంకం వేసి టేపు చుట్టకపోతే ఉప్పుగాలికి ఏడాదిలో పచ్చబడతాయి. ఉరుములప్పుడు ఊడదీయండి.

ఇవన్నీ చేశాక కూడా స్టేషన్లు డయల్ మీద రాసిన చోటుకు పక్కన పలికితే అప్పుడు అలైన్‌మెంట్. సర్క్యూట్ కాగితం మీద ఐఎఫ్ ఎంతో చూడండి. ఎక్కువ సెట్లకు 455 కిలోహెర్ట్జ్, పాత ఫిలిప్స్ నమూనాల్లో 452, 470 కూడా ఉంటాయి. 470 సెట్టును 455కు తిప్పితే డయల్ ఎన్నటికీ కుదరదు. సిగ్నల్ జనరేటర్ లేకుండా చెవితో తిప్పేవారికి సెట్టు అప్పగించకండి. ఐఎఫ్ సరయ్యాక 600 కిలోహెర్ట్జ్ దగ్గర కాయిల్ కోర్, 1400 దగ్గర ట్రిమ్మరు, ఒకటి కదిపితే రెండోది మారుతుంది గనక రెండు మూడు విడతలు. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోనే. కోర్ కదలకపోతే బలవంతం చేయవద్దు, విరిగితే కాయిల్ పోయినట్టే.

ప్రశ్న (అల్లిపురం): డయల్ తాడు జారుతోంది. చేపల గాలం దారం వేయవచ్చా?

జవాబు: ఒంటిపోగు గాలం దారం జారుతుంది, సాగుతుంది. వలల దుకాణంలో అల్లిన సన్న నైలాన్ తాడు అడగండి. ఇరుసుకు రెండున్నర నుంచి మూడు చుట్లు, స్ప్రింగు సగం సాగేంత బిగువు. పాతది తెంపేముందు గ్యాంగ్ కండెన్సరు (స్టేషన్ మార్చేటప్పుడు తిరిగేది) పూర్తిగా మూసి, తాడు దారి బొమ్మ గీసుకోండి. గ్యాంగ్ మూసి ఉండగా పళ్లు ఒకదానిలో ఒకటి దాక్కుంటాయి, వంగవు.

ప్రశ్న (పాడేరు): కరెంటు లేని రోజుల్లో బ్యాటరీతో నడిచిన సెట్టు. డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96. పాత 90 వోల్టుల బ్యాటరీ ఇప్పుడెక్కడ దొరుకుతుంది?

జవాబు: మీరే చేసుకోండి. 9 వోల్టుల చిన్న బ్యాటరీలు పది వరసగా కలిపితే 90. ఫిలమెంట్లకు 1.5 వోల్టుల పెద్ద సెల్ ఒకటి. మొదటి మూడు వాల్వులకు తలా 25 మిల్లీయాంపులు, డీఎల్ 96కు 50: మొత్తం 125. ఈ ఫిలమెంట్లు పోగు లాంటివి. 90 వోల్టుల తీగ పొరపాటున అటు తగిలితే కన్నుమూసి తెరిచేలోగా నాలుగూ పోతాయి. అందుకే మొదటి పరీక్షల్లో 90 వోల్టుల తీగలో ఒక కిలోఓం రెసిస్టర్ ఉంచండి. తప్పు తగిలినా 90 మిల్లీయాంపులు దాటదు, నాలుగూ సాకెట్లలో ఉంటే ఆ కరెంటును పంచుకుంటాయి. సెట్టు వేసి ఉండగా ఏ వాల్వునూ పీకకండి.

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ): కేబినెట్‌కు లక్క పాలిష్ వేస్తే తెల్లటి మచ్చలు వస్తున్నాయి.

జవాబు: మచ్చలు తేమవి. స్పిరిట్ ఆరేటప్పుడు పొర చల్లబడి గాలిలోని నీటిని లాక్కుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొడిగా ఉన్న మధ్యాహ్నం వేయండి. వానాకాలంలో ఎంత నేర్పరికీ కుదరదు. లీటరు స్పిరిట్‌కు 150 గ్రాముల లక్క పెచ్చులు, రాత్రంతా నాననిచ్చి వడకట్టి, గుడ్డ ఉండతో పలచగా ఎన్ని పూతలైతే అన్ని. వచ్చిన మచ్చలు స్పిరిట్ చుక్క వేసిన గుడ్డతో పొడిరోజున తేలిగ్గా రుద్దితే చాలావరకు పోతాయి. పైచెక్క పలచని వెనీరు, గరుకు కాగితం పెడితే అడుగు ప్లైవుడ్ బయటపడుతుంది.

ప్రశ్న (మధురవాడ): సేకరణ మొదలుపెడదామనుకుంటున్నాను. మొదటి సెట్టు ఎలాంటిది కొనాలి?

జవాబు: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది, సన్నటి తొమ్మిది పిన్నుల వాల్వులది, అంటే 1950ల మధ్య తర్వాతిది. ఆ వాల్వుల్లో ఈఎల్ 84 గిటార్ యాంప్లిఫయర్ల పుణ్యమా అని విదేశాల్లో ఇప్పటికీ తయారవుతోంది. మిగతావి బెంగళూరు బీఈఎల్ చేసినవి పాత మెకానిక్‌ల డబ్బాల్లో వాడనివి దొరుకుతాయి. పక్కన చిన్న బొడిపె ఉన్న ఎనిమిది పిన్నుల రిమ్‌లాక్ వాల్వులవి, ఈసీహెచ్ 42, ఈఎల్ 41 లాంటివి, చేయి తిరిగాక చూడవచ్చు.

అమ్మేవాడు "పలుకుతోంది" అన్నాడని ధర పెంచకండి, పలకనిదాన్ని పలికించవచ్చు. డయల్ అద్దం పగిలినా, అసలు నాబ్‌లు లేకున్నా, వెనక అట్ట లేకున్నా ధర తగ్గించండి, అవి విడిగా దొరకవు. కేబినెట్ అడుగున వేలితో నొక్కి చూడండి, బోలుగా వినిపిస్తే చెదలు. రేడియో ఉంచుకోవడానికి అప్పట్లో పోస్టాఫీసు ఇచ్చిన లైసెన్సు పుస్తకం సెట్టుతోపాటు ఉంటే అడిగి తీసుకోండి, ఏ ఏడాదిదో తెలియడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. మేజిక్ ఐ (స్టేషన్ కుదిరిందో లేదో పచ్చకాంతితో చూపే వాల్వు) మసకగా ఉంటే పోయిందనుకునేముందు దాని ఆనోడ్ రెసిస్టర్ కొలవండి. 470 కిలోఓంలు లేదా ఒక మెగోమ్‌ది పెరిగిపోయి ఉండటం మామూలే. అది సరిగా ఉండి కూడా పచ్చకాంతి రాకపోతే లోపలి పూత అరిగింది, దాన్ని తిరిగి వెలిగించే ఉపాయం లేదు. సెట్టు మాత్రం అది లేకుండా కూడా పలుకుతుంది.